ఎన్‌హెచ్‌ఎల్‌లో ఈస్ట్ గట్టిదా, వెస్ట్ గట్టిదా: లెక్క మీరే తేల్చుకోవడం ఎలా

ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే తెలుగు కుటుంబాలకి డల్లాస్ స్టార్స్ అంటే ఊరి జట్టు. వాళ్ల ప్రాక్టీస్ రింక్ (మంచు మైదానం) ఆ ఊళ్లోనే ఉంది. ఎడిసన్ వైపు ఉన్నవాళ్లకి న్యూజెర్సీ డెవిల్స్ దగ్గర. టొరంటో చుట్టుపక్కల పెరిగిన పిల్లలకి మేపుల్ లీఫ్స్ తప్ప వేరే జట్టు కనబడదు. లీగ్‌ని కాన్ఫరెన్స్‌లని రెండు సగాలు చేశారు: డల్లాస్ ఆడేది వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో, మిగతా రెండూ ఈస్టర్న్‌లో. ఇలాంటివాళ్లు నలుగురు ఒకచోట చేరితే "మీ వైపు పోటీ ఎక్కడుంది, పాయింట్లు ఊరికే వచ్చి పడతాయి" అన్న మాట రాకుండా పోదు. గొంతు పెంచితే ఆ వాదన తేలదు. ఒక ఎక్సెల్ షీటు, ఒక సాయంత్రం ఓపిక ఉంటే మాత్రం బాగానే తేలుతుంది. ఎలాగో వరసగా చెబుతాను. ఐస్ హాకీ కొత్త అయినా ఫరవాలేదు, కావలసిన రూల్స్ మధ్యలో చెప్పుకుంటూ పోదాం.

1. ముందు షెడ్యూల్ అర్థం చేసుకోండి

ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, ఈస్ట్‌లో 16, వెస్ట్‌లో 16. ఈస్ట్‌లో అట్లాంటిక్, మెట్రోపాలిటన్ అని రెండు డివిజన్లు. వెస్ట్‌లో సెంట్రల్, పసిఫిక్. 2021-22లో సియాటిల్ చేరి లెక్క సమానమయ్యాక వచ్చిన 82 మ్యాచ్‌ల షెడ్యూల్‌లో (2025-26 సీజన్ దాకా) ఒక్కో జట్టుకి పంపకం ఇదీ: సొంత డివిజన్‌తో 26, అదే కాన్ఫరెన్స్‌లోని పక్క డివిజన్‌తో 24, అవతలి కాన్ఫరెన్స్‌తో 32. అవతలి 16 జట్లలో ఒక్కొక్కదానితో సొంత రింక్‌లో ఒకటి, వాళ్ల ఊళ్లో ఒకటి.

మనకి పనికొచ్చేవి ఆ 32 మాత్రమే. ఎందుకంటే కాన్ఫరెన్స్ లోపల జరిగే మ్యాచ్‌లో గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఆ కాన్ఫరెన్స్‌వాళ్లే. వెస్ట్ లోపల 400 మ్యాచ్‌లు జరిగితే వెస్ట్ ఖాతాలో 400 గెలుపులు, 400 ఓటములు పడతాయి. అన్ని జట్లూ అద్భుతంగా ఆడినా అంతే, అన్నీ నీరసంగా ఆడినా అంతే. రెండు వేర్వేరు కాలేజీల్లో క్లాస్ ఫస్ట్ వచ్చిన ఇద్దరిలో ఎవరు మెరుగో కాలేజీ పరీక్షల మార్కులు చెప్పలేవు, ఇద్దరూ ఎంసెట్ రాస్తేనే తెలుస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ ఉమ్మడి పరీక్ష 512 మ్యాచ్‌లు: ఇటు 16 జట్లు, అటు 16 జట్లు, రెండేసి సార్లు.

పాత సీజన్లు తీసుకుంటే ఈ సంఖ్య బాగా తగ్గిపోతుందని గుర్తుంచుకోండి. 2005-06 నుంచి 2007-08 దాకా 30 జట్లు ఉండేవి, ఒక్కో జట్టు అవతలివాళ్లతో ఆడింది పదే పది మ్యాచ్‌లు. అంటే సీజన్ మొత్తానికి 150. అంత తక్కువలో గట్టి మాట చెప్పడం కష్టం.

2. ప్లేఆఫ్స్ కటాఫ్‌ని పక్కన పెట్టండి

వాదనల్లో అందరూ ముందు తీసేది ఇదే, ఎక్కువగా మోసం చేసేదీ ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఎనిమిది జట్లు ప్లేఆఫ్స్‌కి (కప్పు కోసం ఆడే నాకౌట్ దశకి) వెళ్తాయి. డివిజన్‌కి మూడు చొప్పున ఆరు, తర్వాత ఇద్దరికి వైల్డ్ కార్డు. 2018-19లో ఈస్ట్‌లో చివరి బెర్తు కొలంబస్‌కి 98 పాయింట్లతో దొరికింది. 96 పాయింట్లు తెచ్చుకున్న మాంట్రియల్ ఇంటికి పోయింది. అదే ఏడాది వెస్ట్‌లో కొలరాడో 90 పాయింట్లతో లోపలికి వెళ్లింది. "చూశారా, ఈస్ట్ ఎంత కష్టమో" అని ఈస్ట్ అభిమానులు అన్నారంటే అనరా మరి.

ఇప్పుడు 2024-25 చూడండి, కథ మొత్తం తిరగబడింది. వెస్ట్‌లో కాల్గరీ 96 పాయింట్లు తెచ్చుకుని కూడా బయటే ఉండిపోయింది. సెయింట్ లూయిస్‌వీ 96 పాయింట్లే, కానీ 60 నిమిషాల్లోపు (అంటే ఓవర్‌టైమ్ అనే అదనపు ఆట దాకా వెళ్లకుండా) గెలిచిన మ్యాచ్‌లు ఒకటి ఎక్కువ ఉండటంతో బెర్తు వాళ్లకి వెళ్లింది. ఈస్ట్‌లో 91 పాయింట్లతో దూరిన జట్టు ఎవరనుకున్నారు? 2018-19లో 96తో బయటపడ్డ అదే మాంట్రియల్.

కటాఫ్ పెరిగిందంటే కాన్ఫరెన్స్ గట్టిపడిందని కాదు. చాలాసార్లు అడుగున ఉన్నవాళ్లు మరీ బలహీనపడ్డారని అర్థం. 2024-25లో లీగ్ మొత్తానికి ఆఖరున ఉన్న శాన్ హోసే (52 పాయింట్లు), దాని పైనున్న షికాగో (61) రెండూ వెస్ట్ జట్లే. 2018-19లో 64 పాయింట్లతో ఆఖరున ఉన్న ఒట్టావా ఈస్ట్ జట్టు. వీళ్లు పోగొట్టుకున్న పాయింట్లు ఎక్కడికి పోతాయి? జట్టు ఆడే 82 మ్యాచ్‌ల్లో కనీసం 50 సొంత కాన్ఫరెన్స్‌తోనే కాబట్టి ఎక్కువ భాగం పక్కవాళ్ల ఖాతాలోకే. అడుగున ఇద్దరు కూలిపోతే మధ్యలో ఉన్నవాళ్ల పాయింట్లు పెరుగుతాయి, కటాఫ్ కూడా పెరుగుతుంది. కటాఫ్ చూపించేది కాన్ఫరెన్స్ లోపల పైవాళ్లకీ కిందవాళ్లకీ ఉన్న ఎడం. అవతలి కాన్ఫరెన్స్ గురించి అది ఏమీ చెప్పదు.

ఆ రెండేళ్లలో స్టాన్లీ కప్ (ప్లేఆఫ్స్ విజేతకి ఇచ్చే కప్పు) ఎటు వెళ్లిందో కూడా చూడండి. కటాఫ్ ఈస్ట్‌లో ఎక్కువున్న 2019లో కప్పు వెస్ట్‌లోని సెయింట్ లూయిస్‌కి, కటాఫ్ వెస్ట్‌లో ఎక్కువున్న 2025లో ఈస్ట్‌లోని ఫ్లోరిడాకి. దీన్ని బట్టి ఇంకో సూత్రం అల్లమని చెప్పడం లేదు. కటాఫ్‌ని కొలతగా వాడొద్దనడానికి మాత్రం ఇది చాలు.

3. షీటు తయారు చేయండి

ఒక కాన్ఫరెన్స్ జట్లు 16 రాస్తే చాలు. అవతలివాళ్ల గెలుపోటములు దానికి అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటాయి కాబట్టి రెండోది రాయక్కర్లేదు. వెస్ట్ తీసుకున్నారనుకోండి, ఒక్కో జట్టుకి ఒక అడ్డు వరస వేసి ఈ గడులు పెట్టండి: ఈస్ట్‌తో ఆడినవి, 60 నిమిషాల్లోపు గెలిచినవి, 60 నిమిషాల్లోపు ఓడినవి, ఓవర్‌టైమ్ దాకా వెళ్లి గెలిచినవి, అలా వెళ్లి ఓడినవి, కొట్టిన గోల్స్, ఇచ్చుకున్న గోల్స్.

హాకీ రిఫరెన్స్ సైట్‌లో ఎక్స్‌పాండెడ్ స్టాండింగ్స్ అనే పేజీలో ఒక్కో జట్టు ఒక్కో డివిజన్ మీద ఎలా ఆడిందో ఉంటుంది. వెస్ట్ జట్లకి అట్లాంటిక్, మెట్రోపాలిటన్ గడులు కలుపుకుంటే మొత్తం గెలుపోటములు వచ్చేస్తాయి. ఓవర్‌టైమ్ విడగొట్టడానికీ గోల్స్‌కీ ఎన్‌హెచ్‌ఎల్ సొంత సైట్‌లో మ్యాచ్‌ల స్కోర్లు చూడాలి. కాస్త విసుగు పని. అయినా చేయండి, అసలు విషయం ఆ విడగొట్టడంలోనే ఉంది.

ఒక మ్యాచ్ ఎలా రాయాలో చూద్దాం. డల్లాస్ న్యూజెర్సీ వెళ్లి 60 నిమిషాలకి 2-2 దగ్గర ఆగి, ఓవర్‌టైమ్‌లోనూ గోల్ పడక, షూటౌట్‌లో (ఒక్కో ఆటగాడు వంతులవారీగా గోల్‌కీపర్ని ఒంటరిగా ఎదుర్కొనే పోటీలో) ఓడిందనుకోండి. స్కోరు 3-2 అని చూపిస్తారు. షూటౌట్ గెలిచినందుకు న్యూజెర్సీకి ఒక గోల్ కలుపుతారన్నమాట. మీ షీటులో డల్లాస్‌కి "ఓవర్‌టైమ్ దాకా వెళ్లి ఓడినవి" గడిలో ఒకటి వేయండి, గోల్స్ మాత్రం 2, 2 అనే రాయండి. ఆ మూడో గోల్ ఆటలో పడింది కాదు.

4. ఓడినవాళ్లకి వచ్చే పాయింటుని విడదీయండి

గెలిస్తే రెండు పాయింట్లు. 60 నిమిషాల్లోపు ఓడితే సున్నా. ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. అంటే కొన్ని మ్యాచ్‌ల్లో మొత్తం రెండు పాయింట్లు పంచితే, కొన్నిటిలో మూడు పంచుతారు. లీగ్‌లో సుమారు ఐదింటిలో ఒకటి, కొన్ని సీజన్లలో ఇంకాస్త ఎక్కువ, ఇలా మూడు పాయింట్ల మ్యాచ్ అవుతుంది.

"ఈస్ట్ జట్ల సగటు పాయింట్లు ఎక్కువ, కాబట్టి ఈస్ట్ గట్టిది" అనే మాట ఇక్కడే తేలిపోతుంది. ఊహకి ఒక లెక్క వేయండి. ఈస్ట్ లోపలి 400 మ్యాచ్‌ల్లో 100 ఓవర్‌టైమ్‌కి వెళ్తే 900 పాయింట్లు పంచినట్టు. వెస్ట్ లోపలి 400లో 80 వెళ్తే 880. అవతలివాళ్లతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఈస్ట్‌కి 20 పాయింట్లు ఎక్కువొచ్చాయి, జట్టుకి ఒకటింపావు చొప్పున. ఇది బలమూ కాదు, బలహీనతా కాదు. 2018-19లో కొలరాడో తెచ్చుకున్న 90లో 14 పాయింట్లు ఇలా ఓడి తెచ్చుకున్నవే.

అందుకని షీటులో రెండు లెక్కలు చేయండి. ఒకటి అన్ని గెలుపులూ కలిపి. రెండోది 60 నిమిషాల్లోపు తేలినవి మాత్రమే తీసుకుని, మిగతావి డ్రా అయినట్టు వదిలేసి. నా నమ్మకం రెండో లెక్క మీదే ఎక్కువ. 2015-16 నుంచి రెగ్యులర్ సీజన్ ఓవర్‌టైమ్‌లో ముగ్గురికి ముగ్గురు స్కేటర్లే (గోల్‌కీపర్ కాని ఆటగాళ్లే) ఆడుతున్నారు. రింక్ ఖాళీగా ఉంటుంది, ఒక్క పాస్ తప్పితే గోలీ (గోల్‌కీపర్) ఒంటరిగా దొరికిపోతాడు. అందులోనూ తేలకపోతే షూటౌట్. ఐదుగురికి ఐదుగురు ఆడే గంట ఆటకీ దీనికీ పోలిక తక్కువ. ప్లేఆఫ్స్‌లో ఈ రెండూ ఉండవు, గోల్ పడేదాకా ఐదుగురితోనే ఆడతారు.

గోల్స్ తేడా దగ్గర ఒక జాగ్రత్త. ఆఖరి నిమిషాల్లో వెనకబడ్డ జట్టు గోలీని బయటికి పిలిచి ఒక స్కేటర్‌ని ఎక్కువ దింపుతుంది. అవతలివాళ్లు ఖాళీ నెట్‌లోకి ఒకటో రెండో కొట్టేస్తారు. 5-2 అని కనబడే మ్యాచ్ రెండు నిమిషాల ముందు 3-2 అయి ఉండొచ్చు. ఖాళీ నెట్ గోల్స్ తీసేసి లెక్క వేస్తే జట్ల మధ్య నిజంగా ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

5. అదృష్టానికి ఎంత ఇవ్వాలో లెక్కగట్టండి

వెస్ట్ 512లో 266 గెలిచింది అనుకుందాం. ఈస్ట్ 246. గొప్పగా చెప్పుకోవచ్చా? ఒక చిన్న సూత్రం ఉంది. మ్యాచ్‌ల సంఖ్యకి వర్గమూలం తీయండి. గెలుపులు సగం కన్నా ఆ వర్గమూలమంత ఎక్కువ ఉంటేనే మాట్లాడండి. రెండు కాన్ఫరెన్స్‌లూ సమానంగా ఉన్నా, ఉత్త అదృష్టం మీద అంత తేడా రావడమనేది దాదాపు ఇరవై సీజన్లలో ఒకసారి జరుగుతుంది.

512కి వర్గమూలం ఇరవై రెండున్నర పైచిలుకు. సగం 256. అంటే కనీసం 279 గెలుపులు కావాలి. 266 అంటే రెండు వైపులా సమానమనే అనుకోవాలి. 60 నిమిషాల్లోపు తేలినవి 400 అయితే సగం 200, వర్గమూలం 20, 220 దాటాలి. డిసెంబరులో, ఇంకా 200 మ్యాచ్‌లే అయినప్పుడు చూస్తే 100 మీద 14, అంటే 115 దాకా రావాలి. సీజన్ మొదట్లో "ఈస్ట్ ఈసారి తొక్కేస్తోంది" అని వచ్చే మాటల్లో చాలా భాగం ఈ గీత దాటవు.

6. బరువు ఎంతమంది మోస్తున్నారో చూడండి

గీత దాటింది సరే. ఆ గెలుపులు పదహారు జట్లవా, నలుగురివా? నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఒక్కో జట్టుకి రెండు శాతాలు తీయండి. కాన్ఫరెన్స్ లోపల తెచ్చుకున్న పాయింట్లని రావలసిన గరిష్ఠ పాయింట్లతో భాగిస్తే ఒకటి, బయట తెచ్చుకున్నవాటితో అలాగే ఇంకొకటి. లోపల 50 మ్యాచ్‌ల్లో 55 పాయింట్లు తెచ్చుకుంటే 100కి 55, అంటే 55 శాతం. బయట 32 మ్యాచ్‌ల్లో 40 తెచ్చుకుంటే 64కి 40, అంటే 62.5 శాతం. ఈ జట్టుకి సొంత కాన్ఫరెన్స్‌లో కన్నా అవతలివాళ్లతోనే సులువుగా ఉంది. ఇలా 16లో 11, 12 జట్లకి ఉంటే ఆ కాన్ఫరెన్స్ నిజంగా గట్టిది. మూడు నాలుగు జట్లకే ఉండి, మిగతావాళ్లు అటూ ఇటూగా ఉంటే ఆ నాలుగు జట్లు గొప్పవి అని చెప్పండి, కాన్ఫరెన్స్ పేరు ఎత్తకండి.

తర్వాత రెండు కాన్ఫరెన్స్‌లనీ మూడు ముక్కలు చేయండి: పైన ఐదు, మధ్యలో ఆరు, కింద ఐదు. పై ఐదు మీద అవతలి పై ఐదు ఎలా ఆడాయి, మధ్యవాళ్ల మీద మధ్యవాళ్లు ఎలా ఆడారు అని విడివిడిగా చూడండి. ముక్కలు చేసేటప్పుడు కాన్ఫరెన్స్ లోపలి ఫలితాలనే వాడాలి. మొత్తం పాయింట్ల మీద ముక్కలు చేస్తే, ఏది తేల్చాలనుకుంటున్నామో అదే ముందుగా లెక్కలోకి దూరిపోతుంది.

2024-25 లాంటి సీజన్‌లో ఇది చాలా అవసరం. శాన్ హోసే, షికాగో ఈస్ట్ చేతిలో ఓడిన మ్యాచ్‌లన్నీ వెస్ట్ మొత్తం లెక్కని కిందికి లాగుతాయి. ప్లేఆఫ్స్‌కి వెళ్లే జట్ల సత్తాకీ వీళ్ల ఓటములకీ సంబంధమే లేదు. రెండు వైపులా కింద ఐదేసి జట్లు తీసేస్తే 11 జట్లకి ఎదురు 11 జట్లు, 242 మ్యాచ్‌లు మిగులుతాయి. అందులో 137 గెలిస్తే గీత దాటినట్టు. కప్పు ఎవరు కొడతారనే ప్రశ్నకి ఈ లెక్క దగ్గర, "రోజువారీ పోటీ ఎక్కడ గట్టిగా ఉంది" అనే ప్రశ్నకి 512 లెక్క దగ్గర.

7. సీజన్ మధ్యలో చూస్తుంటే

ఏప్రిల్ నాటికి సొంత రింక్‌లో ఆడినవీ బయట ఆడినవీ సమానమైపోతాయి. జనవరిలో కావు. ఈస్ట్ జట్లు పడమటికి వచ్చినప్పుడు ఆనహైమ్, లాస్ ఏంజిలెస్, శాన్ హోసే ఒకే ట్రిప్‌లో పెట్టుకుంటాయి. మూడు గంటల టైమ్ తేడా, వరసగా రెండు రాత్రులు మ్యాచ్‌లు పడితే రెండో రాత్రి రెండో గోలీ. అలాంటి వారాలు ఎక్కువ జరిగాక లెక్క వేస్తే వెస్ట్ ఉన్నదానికన్నా గట్టిగా కనబడుతుంది. కాబట్టి సొంత రింక్ గెలుపులూ బయటి గెలుపులూ వేరుగా రాసి, రెండిటి శాతాల సగటు తీయండి.

ట్రేడ్‌లు (జట్లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకోవడం) కూడా కాన్ఫరెన్స్ బలాన్ని కదిలిస్తాయి. 2025 జనవరిలో మిక్కో రాంటానెన్‌ని కొలరాడో కెరొలైనాకి పంపింది, బదులుగా వచ్చినవాళ్లలో మార్టిన్ నెచాస్ ఉన్నాడు. మార్చిలో కెరొలైనా అదే రాంటానెన్‌ని డల్లాస్‌కి పంపింది. ఒకే సీజన్‌లో వెస్ట్ నుంచి ఈస్ట్‌కి, మళ్లీ వెస్ట్‌కి. ఆపైన మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో కొలరాడో మీదే మూడో పీరియడ్‌లో (ఆఖరి 20 నిమిషాల్లో) హ్యాట్రిక్, అంటే మూడు గోల్స్, కొట్టాడు. అందుకే మీ లెక్క పక్కన తేదీ రాసుకోండి, మార్చి ట్రేడ్ గడువు తర్వాత మ్యాచ్‌లని వేరే రంగులో పెట్టండి.

8. కప్పుకి ఎంత విలువ ఇవ్వాలి

తక్కువే. కాన్ఫరెన్స్‌లు ప్లేఆఫ్స్‌లో ఎదురుపడేది ఫైనల్‌లోనే, అదీ మహా అయితే ఏడు మ్యాచ్‌లు. 2010 నుంచి 2025 దాకా పదహారు కప్పులు చూస్తే వెస్ట్ జట్లకి ఎనిమిది, ఈస్ట్ జట్లకి ఎనిమిది.

ఒక్క ఏడాదిలో మాత్రం ఫైనల్ దాకా వచ్చిన దారి చూడటం బాగుంటుంది. 2014లో లాస్ ఏంజిలెస్ మొదటి రౌండ్‌లో శాన్ హోసే చేతిలో 0-3తో వెనకబడి ఏడో మ్యాచ్‌లో గట్టెక్కింది. తర్వాత ఆనహైమ్ మీద ఏడు మ్యాచ్‌లు, షికాగో మీద ఏడు. ఫైనల్‌లో ఈస్ట్ నుంచి వచ్చిన న్యూయార్క్ రేంజర్స్ మీద ఐదింటిలో ముగించింది. రెగ్యులర్ సీజన్‌లోనూ ఆ ఏడాది వంద పాయింట్లు అందుకున్న జట్లు వెస్ట్‌లో ఆరు, ఈస్ట్‌లో నాలుగు. అప్పటికి వెస్ట్‌లో 14 జట్లే, ఈస్ట్‌లో 16. ఇలా రెండు మూడు వైపుల నుంచి ఒకే మాట వినిపించినప్పుడు, 512 లాంటి పెద్ద లెక్క కూడా అటే మొగ్గితే, ధైర్యంగా చెప్పొచ్చు.

9. రెండు సీజన్లు వదిలేయండి

పదేళ్లు, పదిహేనేళ్లు కలిపి పట్టిక వేసేవాళ్లకి ఇది. లాకౌట్ వల్ల 2012-13 సీజన్ 48 మ్యాచ్‌లకి కుదించారు, అందులో అవతలి కాన్ఫరెన్స్‌తో ఒక్క మ్యాచ్ కూడా లేదు. కోవిడ్ వల్ల 2020-21లో కాన్ఫరెన్స్‌లే తీసేసి, సరిహద్దు దాటే వీల్లేక కెనడా జట్లు ఏడింటినీ ఒక డివిజన్‌లో పెట్టి, ఎవరి డివిజన్‌లో వాళ్లతోనే 56 మ్యాచ్‌లు ఆడించారు. సెమీఫైనల్స్ దాకా డివిజన్లు ఒకదానికొకటి ఎదురుపడలేదు. ఫైనల్‌లో ఆడిన టాంపా బే, మాంట్రియల్ రెండూ మామూలుగా ఈస్ట్ జట్లే, కాబట్టి పైన చెప్పిన ఎనిమిది-ఎనిమిదిలో 2021 కప్పుని కూడా పట్టించుకోకపోవడమే న్యాయం. మీ పట్టికలో ఈ రెండు సీజన్ల గడులు ఖాళీగా ఉంచండి, అటూ ఇటూ ఉన్న సీజన్ల సగటు తెచ్చి నింపకండి.